తాత బందూకు మీద ఏనుగు బొమ్మ

ప్రశ్న:

మా అమ్మమ్మ వాళ్లది అచ్చంపేట పక్కన, నల్లమల అంచున ఉన్న చిన్న పల్లె. నేను 1971లో పుట్టాను. ఎండాకాలం సెలవులు వస్తే అక్కడికే పోయేవాళ్లం. మా తాత దగ్గర ఒక రైఫిల్ ఉండేది. నడిమింట్లో రెండు చిలక్కొయ్యల మీద అడ్డంగా పెట్టి ఉండేది. అడవిపందులు పల్లి చేలో పడిన రాత్రి దాన్ని భుజాన వేసుకుని పోయి, గాల్లోకి పేల్చి వాటిని బెదరగొట్టేవాడు. ట్రిగ్గర్ కింద ఉన్న ఇనుప కడ్డీని కిందికి గుంజితే పైన నోరు తెరుచుకునేది. అందులో నా బొటనవేలికన్నా లావుగా ఉన్న ఎర్ర తూటా ఒకటి పెట్టి మూసేవాడు. ఇనుము మీద చిన్న ఏనుగు బొమ్మ చెక్కి ఉండేది. దాని మీద వేలితో రాస్తూ కూర్చునేవాణ్ణి. తాత 1988లో చనిపోయాడు. తర్వాత అది ఏమైందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అది త్రీ నాట్ త్రీ అని, కొల్లాపురం రాజావారు ఇచ్చిందని పెద్దమామ అంటాడు. రజాకార్ల దగ్గర గుంజుకున్నదని చిన్నమామ అంటాడు. అమ్మ పోయిన ఏడాది చనిపోయింది. అప్పటి నుంచి ఆ రైఫిల్ మాటిమాటికీ గుర్తొస్తోంది. అది ఏ రకం? ఇప్పుడు ఎక్కడుంది? దొరక్కపోతే అలాంటి పాతదే ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒకతను "లైసెన్స్ అవసరం లేదు, షోపీసే" అంటున్నాడు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరంలో చివరి మాటకే ముందు జవాబిస్తాను. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు గానీ ఇది ఆగదు. ఆ ఆన్‌లైన్ మనిషితో మాటలు ఈ రోజే బంద్ చేయండి. అడ్వాన్స్ పంపకండి. "ఒకసారి చూసి చెప్తా" అని కూడా పోకండి. షోపీస్ అనేది అమ్మేవాడి మాట, చట్టంలో ఆ మాట లేదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఒక మినహాయింపు ఉంది. వాడుకలో లేని పాత రకమో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చేయకున్నా ఇక తుపాకిగా పనికిరాదు అన్నదానికే అది వర్తిస్తుంది. "మరమ్మతు చేసినా" అన్న మాట చూడండి. ఒక స్ప్రింగ్, ఒక పిన్ను మారిస్తే పేలేది ఏదైనా తుపాకే, ఎన్నేళ్ల పాతదైనా సరే. పేలుతుందా లేదా అని తేల్చాల్సింది మీరూ కాదు, అమ్మేవాడూ కాదు. లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుని దొరికితే, 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. అమ్మ జ్ఞాపకం, తాత జ్ఞాపకం అని జడ్జి ముందు చెప్పుకునే పరిస్థితి మీకు రాకూడదు.

ఇప్పుడు ఏనుగు దగ్గరికి వద్దాం.

నేను రెవెన్యూలో పనిచేసినన్నాళ్లలో కొన్నేళ్లు ఆయుధ లైసెన్స్‌ల ఫైళ్లు నా బల్ల మీదుగానే పోయేవి. తాత తుపాకి ఏమైందని అడుగుతూ వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ చెప్పేది ఒక్కటే: "పొడుగ్గా ఉండేది సార్, పేలిస్తే ఊరంతా వినపడేది." ఎనిమిదేళ్ల పిల్లాడికి ఏ తుపాకైనా పొడుగే. ఆ మాట పట్టుకుని ఏమీ తేల్చలేం. మీరు అలా కాదు. తూటా ఎంత లావో చెప్పారు, దాని రంగు చెప్పారు, నోరు ఎలా తెరుచుకునేదో చెప్పారు, వేలితో తడిమిన బొమ్మ చెప్పారు. చిన్నప్పుడు చేతికి తగిలినవి అంత తొందరగా పోవు. మీ ఇద్దరు మామలు చెప్పిన కథలకన్నా మీ వేలు చెప్పిన మాటనే నేను ఎక్కువ నమ్ముతాను.

ముందు త్రీ నాట్ త్రీ సంగతి. ఆ రైఫిల్‌కు పక్కన బోల్ట్ ఉంటుంది. తలుపు గొళ్లెం తీసినట్టు దాన్ని పైకెత్తి వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాలి. ట్రిగ్గర్ ముందు కిందివైపు పది తూటాలు పట్టే ఇనుప డబ్బా ఉంటుంది. దాని తూటా పూర్తిగా ఇత్తడిది, మూతి దగ్గర సన్నబడుతుంది, గుండు వ్యాసం ఎనిమిది మిల్లీమీటర్లకు లోపే. మీరు చెప్పినదాంట్లో బోల్ట్ లేదు, డబ్బా లేదు, తూటా ఎర్రది, లావుది. ఒక్కటి కూడా కలవడం లేదు. పైగా త్రీ నాట్ త్రీ సైన్యం, పోలీసులు వాడే తూటా కాబట్టి మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వని కోవలో పెట్టారు. పౌరుల కోసం ఇషాపూర్ ఫ్యాక్టరీ విడిగా .315 రైఫిల్ చేసింది అందుకే. మరి మామ ఆ మాట ఎందుకన్నాడు? మన పల్లెల్లో తుపాకి పేర్లు రెండే: మూతి నుంచి మందు కూరే నాటుదైతే భర్మార్, కంపెనీదైతే త్రీ నాట్ త్రీ. పోలీసుల భుజాన చూసిన తుపాకి పేరునే అన్నిటికీ తగిలించేవాళ్లు. మామది అబద్ధం కాదు, అలవాటు.

బొటనవేలికన్నా లావున్న ఎర్ర తూటా అంటే నా లెక్కలో పన్నెండు బోరు. ఇత్తడి అడుగు, పైన ఎర్ర కాగితమో ప్లాస్టికో, లోపల ఛర్రాలు, అంటే చిన్న సీసపు గుండ్లు. పన్నెండు అంటే ఏమిటో కూడా చెప్తాను, చాలామంది దాన్ని అంగుళాల లెక్క అనుకుంటారు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టేంత సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు బరువు తూగుతాయి, అందుకని ఆ పేరు. గొట్టం వ్యాసం పద్దెనిమిది మిల్లీమీటర్లు దాటుతుంది. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, ఆ గాడుల వల్లే దానికి రైఫిల్ అని పేరు. పన్నెండు బోరు గొట్టం లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. కాబట్టి మీ తాతది అసలు రైఫిల్ కాదు, బందూకు. ఈ మాట వింటే మనసుకు కొంచెం వెలితిగా ఉంటుందని తెలుసు. కానీ వెతకాల్సింది ఏదో తేలకపోతే రికార్డుల గదిలో ఏళ్లు గడిచిపోతాయి. రైఫిల్ అని అడిగితే రిజిస్టర్‌లో లేదనే చెప్తారు, పక్క పేజీలో బందూకు ఉన్నా సరే.

ఇంకో చిక్కు ఉంది. మామూలు పన్నెండు బోరు బందూకు నడుము దగ్గర విరుగుతుంది. మీట పక్కకు తోస్తే గొట్టం కిందికి వాలుతుంది, వెనక నుంచి తూటా పెడతారు. మీ తాతది అలా విరగలేదు. కింది కడ్డీ గుంజితే పైన నోరు తెరుచుకుంది. ఈ పద్ధతికి మార్టినీ యాక్షన్ అని పేరు. కడ్డీ కిందికి పోగానే లోపలి ఇనుప దిమ్మె ముందు కొస దిగి తూటాకు దారి ఇస్తుంది, కడ్డీ పైకి రాగానే దారి మూసుకుంటుంది. బయట సుత్తిలాంటిది ఏదీ కనిపించదు. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టినీ-హెన్రీ రైఫిల్ పనిచేసేది ఇలాగే. దాని తూటా కూడా లావే గానీ సీసా ఆకారంలో ఉండే ఇత్తడిది, ఎర్ర కాగితం కాదు. మరి కింది కడ్డీతో తెరుచుకునే పన్నెండు బోరు ఏది? బర్మింగ్‌హామ్‌లోని డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జీపీ అనే ఒంటి గొట్టం బందూకు చేసింది. మార్టినీ యాక్షన్, పన్నెండు బోరు, ఒక్కసారికి ఒక్కటే తూటా. గట్టిది, పాడు కానిది, రైతులకు పనికొచ్చేది. ఆ గ్రీనర్ కంపెనీ ట్రేడ్‌మార్క్ ఏమిటో తెలుసా? ఏనుగు.

మీ ఉత్తరంలో ఏనుగు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నడిమింట్లో కూర్చున్న పిల్లాడు వేలితో రాస్తున్నది బర్మింగ్‌హామ్ కంపెనీ ముద్ర అని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? బందూకు చూడకుండా ప్రమాణం చేసి చెప్పలేను గానీ, మూడు గుర్తులూ ఒకే చోటికి పోతున్నాయి. నా అంచనా గ్రీనరే.

దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. రకరకాల పాత తుపాకుల ఫోటోలు ఐదారు ప్రింట్ తీయించండి. బోల్ట్ ఉన్నది ఒకటి, జోడు గొట్టాలది ఒకటి, గొట్టం మూతి నుంచి మందు కూరే భర్మార్ ఒకటి, విరిచే ఒంటి గొట్టంది ఒకటి, గ్రీనర్ జీపీ ఒకటి. వాటి మీద పేర్లు ఉండొద్దు. మామలిద్దరికీ విడివిడిగా, వేర్వేరు రోజుల్లో చూపించి, "ఇందులో తాతది ఏది?" అని మాత్రమే అడగండి. ముందుగా ఏనుగు మాట ఎత్తకండి, గ్రీనర్ మాట అసలే ఎత్తకండి. పేరు ఒకసారి చెవిన పడితే, చిన్నప్పటి నుంచీ అదే తెలుసన్నట్టు మాట్లాడతారు పెద్దవాళ్లు. ఇద్దరూ ఒకే ఫోటో మీద వేలు పెడితే సగం పని అయినట్టే. ఇంట్లో దసరా ఫోటోలు ఉంటే అవి కూడా తిరగేయండి. ఆయుధపూజ నాడు బందూకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నాగలి పక్కన నిలబెట్టే ఇళ్లు మన దగ్గర బోలెడు. అలాంటి ఫోటో మూలన ఒక్క బట్, అంటే తుపాకి వెనక కర్ర భాగం, కనిపించినా చాలు.

కొల్లాపురం కథ గురించి. ఇనుము మీద ఏనుగు కనపడితే పల్లెలో ఏమనుకుంటారు? సంస్థానం గుర్తు అనుకుంటారు. జటప్రోలు సంస్థానానికి కొల్లాపురమే రాజధాని కదా, నల్లమల అంచు ఊళ్లకు ఆ పేరు ఇంటి పేరంత దగ్గర. ఏనుగులోంచే ఈ కథ పుట్టి ఉంటుందని నాకనిపిస్తోంది. అలాగని కొట్టిపారేయను. విదేశీ తుపాకులు ముందుగా కొనగలిగింది సంస్థానాలవాళ్లే. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, ఆ రోజుల్లో సామాన్లు చాలా చేతులు మారాయి. నిజమే కావచ్చు. లైసెన్స్ ఫైల్‌లో తుపాకి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసి ఉంటే అక్కడే తేలుతుంది.

రజాకార్ల కథ మాత్రం నాకు మింగుడు పడడం లేదు. 1948 సెప్టెంబర్ నాటి రోజులు చూసిన ప్రతి ఊళ్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది, ఎందుకుంటుందో నాకు తెలుసు, ఆ రోజుల్లో మనవాళ్లు పడ్డ బాధ చిన్నది కాదు. నల్లగొండ జిల్లాలో భర్మార్లు, వడిసెలలు పట్టుకుని ఊరి బురుజుల మీద కాపలా ఉన్నవాళ్ల మనవడిని నేను. కానీ గుంజుకున్న తుపాకికి కాగితం ఉండదు. కాగితం లేని తుపాకిని ఏ రైతూ ముప్పై ఏళ్లపాటు నడిమింట్లో, వచ్చిపోయేవాళ్ల కళ్లెదుట చిలక్కొయ్యకు పెట్టడు, గడ్డివాములో దాస్తాడు. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఎర్ర తూటాలు. అవి కిరాణా కొట్లో దొరకవు. లైసెన్స్ పుస్తకం చూపిస్తే తుపాకుల డీలర్ ఎన్ని ఇచ్చాడో అందులో రాసి, సంతకం పెట్టి ఇస్తాడు. మీ తాత దగ్గర కంపెనీ తూటాలు ఉన్నాయంటే లైసెన్స్ ఉన్నట్టే. లైసెన్స్ ఉంటే ఫైల్ ఉంటుంది. ఫైల్ ఉంటే తుపాకి నంబర్ ఉంటుంది. మీరు ముందు వెతకాల్సింది ఆ నంబర్‌ను. నంబర్ దొరికాకే బందూకు దొరికే దారి.

లైసెన్స్ పుస్తకం ఎలా ఉంటుందో చెప్తాను, ఎదురైతే గుర్తుపట్టాలి కదా. అరచేతికి సరిపడే చిన్న పుస్తకం. ఒకసారి ఒక ముసలమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పి ఒకటి తీసి పెట్టింది. అట్ట మీద నూనె మరక. లోపల భర్త ఫోటో, సగం పురుగు తినేసింది, తలపాగా ఒక్కటే మిగిలింది. ఒక పేజీలో తుపాకి వివరం: ఒంటి గొట్టం, బ్రీచ్ లోడింగ్ (వెనక నుంచి తూటా పెట్టేది), పన్నెండు బోరు, తయారీ కంపెనీ, నంబర్. ఆ తర్వాత పేజీల నిండా మూడేళ్లకోసారి రెన్యువల్ ముద్రలు, ఊదా సిరాతో. ఇంకో వైపు తూటాలు కొన్న లెక్క. ఆ ముద్రలను బట్టి ఆ మనిషి బతుకంతా చెప్పొచ్చు: ఏ ఏడు తూటాలు ఎక్కువ కొన్నాడు, ఏ ఏడు రెన్యువల్‌కు ఆలస్యంగా వచ్చి ఫైన్ కట్టాడు, చివరి ముద్ర ఎప్పుడు పడింది. మీ తాత పుస్తకం దొరికితే చివరి ముద్ర తేదీ చూడండి. 1988కి ముందే ఆగిపోయి ఉంటే, ఆయన ఉండగానే బందూకు ఇంట్లోంచి పోయిందని అర్థం.

పుస్తకం ఎక్కడుంటుంది? బీరువాలో ఉండదు. భూమి కాగితాలు ఎక్కడుంటే అక్కడుంటుంది: పాత సందూక అడుగున, పట్టాదారు పాసుపుస్తకాల మధ్య, పంచాంగంలో, దేవుడి గూట్లో. నిజాం కాలం కాగితం దొరికితే అది ఉర్దూలో ఉంటుంది, తేదీ ఫసలీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటుంది. 1355 అని కనిపిస్తే కంగారు పడకండి, దానికి 590 కలపండి. అంటే 1945-46. అంత పాత లైసెన్సే ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం రికార్డులు వెతికించవచ్చు. కానీ నేనైతే మొదటే అక్కడికి పోను. 1962 అక్టోబర్ 1 నుంచి కొత్త ఆయుధాల చట్టం అమల్లోకి వచ్చింది, మీ తాత దాని కింద రెన్యువల్ చేయించుకునే ఉంటాడు. ఆ ఫైళ్లు జిల్లా ఆఫీసుల్లో వెతకాలి.

మీ తాత చనిపోయేనాటికి అచ్చంపేట ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. జిల్లా చీలినప్పుడు ఫైళ్లు కొన్ని కదులుతాయి, కొన్ని పాత చోటే ఉండిపోతాయి. కాబట్టి సమాచార హక్కు దరఖాస్తులు రెండు పెట్టండి, నాగర్‌కర్నూల్ కలెక్టరేట్‌కు ఒకటి, మహబూబ్‌నగర్ కలెక్టరేట్‌కు ఒకటి. మూడోది నాగర్‌కర్నూల్ ఎస్పీ ఆఫీసుకు. ఒక్కోదానికి పది రూపాయల ఫీజు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీల్. దరఖాస్తులో తాత కథ రాయకండి. పేరు, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ రాసి, ఆయన పేరిట ఉన్న ఆయుధ లైసెన్స్ నంబర్, ఆయుధం వివరం, దాని నంబర్, చివరి రెన్యువల్ తేదీ, పోలీస్ స్టేషన్‌లో గానీ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ అయిన తేదీ, ప్రభుత్వానికి జప్తు చేసి ఉంటే ఆ ఉత్తర్వు నంబర్, ఆ తర్వాత ఎక్కడికి పంపారు అని వరసగా అడగండి. వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారం అని వంక పెట్టి తిప్పి పంపకుండా డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్ నకళ్లు జత చేయండి. దరఖాస్తు మీ మామల్లో ఒకరి పేరు మీద పెడితే ఇంకా మంచిది. కొడుకు అడిగితే ఒక మాట, కూతురి కొడుకు అడిగితే ఒక మాట, ఆఫీసుల్లో ఇప్పటికీ ఇంతే.

డిపాజిట్ గురించి ఎందుకు అంత గట్టిగా అడగమంటున్నానంటే, నాకు ఎక్కువ అనుమానం అక్కడే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకుని, అయిపోయాక తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. అది కాక, ఎనభైల్లో నల్లమల అంచు పల్లెల పరిస్థితి మీకు తెలియంది కాదు. దళాలు వచ్చి తుపాకి ఎత్తుకుపోతాయని ఇంట్లోవాళ్లకు భయం, అందుకే తెచ్చి స్టేషన్‌లో పెట్టమని పోలీసుల ఒత్తిడి. అలా పెట్టినవి చాలా మటుకు మళ్లీ ఇంటికి రాలేదు. అన్నలే తీసుకుపోయి ఉంటే స్టేషన్‌లో కేసు నమోదై ఉండాలి, అది కూడా దరఖాస్తులో ఒక ప్రశ్నగా అడగండి. చట్టంలో 21వ సెక్షన్ ఉంది. లైసెన్స్ ఉన్న మనిషి పోతే, ఇంట్లోవాళ్లు ఆ ఆయుధాన్ని స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. గడువులోగా వారసులు లైసెన్స్ తెచ్చుకోవచ్చు, లేదా లైసెన్స్ ఉన్న వేరొకరికి అమ్మవచ్చు. ఏదీ చేయకపోతే జిల్లా మెజిస్ట్రేట్ నోటీసిచ్చి, ప్రభుత్వానికి జప్తు చేస్తారు.

ఆ నోటీస్ సంగతి నాకు బాగా తెలుసు. మా నాయినకు ఒంటి గొట్టం పన్నెండు బోరు ఉండేది. 1989 ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించాడు. ఎన్నికలు అయిపోయాక తెచ్చుకుంటానంటే "ఇప్పుడొద్దు, ఇక్కడే ఉండనీ" అన్నారు. రసీదు భాగవతం పుస్తకంలో పెట్టుకున్నాడు. నాలుగేళ్లకు ఆయన పోయాడు. నేను వేరే జిల్లాలో ఉద్యోగం, తమ్ముడు సూరత్‌లో, ఊళ్లో ఇంటికి తాళం. నోటీస్ ఆ తాళం వేసిన ఇంటికి వచ్చింది, తీసుకునేవాళ్లు లేక తిరిగిపోయింది. నేను ఎవరెవరివో ఫైళ్లు చూస్తూ, వారసులకు గడువులు చెప్తూ కూర్చున్నాను గానీ, నాయిన రసీదు సంగతి అడగాలని నాకే తట్టలేదు. చాలా ఏళ్లకు పోయి అడిగితే, రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఒక గీత, పక్కన ఉత్తర్వు నంబర్. అంతే. ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. అక్కడి రైటర్, అంటే రికార్డులు రాసే పోలీసు, మంచివాడు, ఏమీ అనకుండా కుర్చీ జరిపాడు. ఆ గీత ఇప్పటికీ నా కళ్ల ముందుంటుంది.

అందుకే మీకు ముందే చెప్తున్నాను. ముప్పై ఏడేళ్లకు పైగా గడిచింది. మీ తాత బందూకు డిపాజిట్ అయి ఉంటే, ఇప్పటికి జప్తు అయిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. జప్తు అయినవి పోలీసుల ఆయుధాగారానికి పోతాయి, వాటిని ధ్వంసం చేయడం కూడా ఉంది. కానీ అమ్మేసి ఉండే దారి కూడా ఒకటుంది. లైసెన్స్ ఉన్న ఊరివాళ్లకో, హైదరాబాద్ డీలర్‌కో మీ అమ్మమ్మ కాగితం మీద వేలిముద్ర వేసి అమ్మి ఉంటే, ఆ బదిలీ ఫైల్‌లో ఉంటుంది, బందూకు ఇంకా ఎవరింట్లోనో నూనె పెట్టించుకుంటూ ఉంటుంది. నంబర్ ఉంటే ఆ దారి తెలుస్తుంది.

మూడో అవకాశం కూడా ఉంది, దీనికి జాగ్రత్త ఎక్కువ కావాలి. అటక మీదో, కూలిపోయిన పాత ఇంట్లోనో, దూలం సందులోనో గుడ్డలో చుట్టి దొరకవచ్చు. దొరికితే దాన్ని ముట్టుకోకండి. తూటా లోపలే ఉండవచ్చు. నలభై ఏళ్ల తూటా చల్లారిపోయిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఏనుగు బొమ్మ కనిపిస్తుందా అని తుడవాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోండి. కడ్డీ గుంజకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి. కారు డిక్కీలో వేసుకుని స్టేషన్‌కు తీసుకుపోకండి, దారిలో ఆపితే ఆ క్షణాన అది లైసెన్స్ లేని ఆయుధమే. ఉన్నచోటే ఉంచి, ఊరి పెద్దమనుషులు ఇద్దరిని పక్కన పెట్టుకుని స్టేషన్‌కు ఫోన్ చేయండి. వాళ్లే వచ్చి పంచనామా రాసి తీసుకుంటారు. ఆ పంచనామాలో నంబర్ రాయించండి, నకలు అడిగి తీసుకోండి.

ఏ దారిలోనైనా బందూకు నిజంగా దొరికితే, మీకు దక్కే వీలు చట్టంలో లేకపోలేదు. 2016 ఆయుధాల నిబంధనల్లో చనిపోయినవారి ఆయుధం మీద వారసుడికి లైసెన్స్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అందుకు మిగతా వారసులందరూ మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి, పోలీసు విచారణ జరగాలి. ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్. మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు కాబట్టి దరఖాస్తు పోలీస్ కమిషనరేట్‌కు. కానీ ఒకటి ఆలోచించండి. అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ పెడతారు? మనవలు వచ్చిపోయే ఇంట్లో దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ప్రతి ఎన్నికకు అప్పగించి రావడం, మళ్లీ తెచ్చుకోవడం మీకు ఓపికేనా? నన్నడిగితే, ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని, ఆ ఏనుగు మీద ఒక కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని వదిలేయడం మేలు. ఆ కాగితం ఫ్రేమ్ కట్టించి పెట్టుకోండి, దానికి ఏ లైసెన్సూ అవసరం లేదు.

పెద్దమామకు ఇప్పుడు ఎనభై దగ్గర పడి ఉంటాయి. దరఖాస్తులు వచ్చే నెల పెట్టినా ఏం కాదు, ఆయన దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే పోండి. ఫోటోలు చూపించండి, తర్వాత సందూక తెరిపించండి. తాత ఏ ఎన్నికప్పుడు బందూకు తీసుకుపోయాడు, ఏ స్టేషన్‌కు, బస్సులో పోయాడా, బండి కట్టుకుని పోయాడా అని అడగండి. ఏడాది గుర్తుండకపోవచ్చు, బండి గుర్తుంటుంది. ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో గుర్తుంటుంది. అక్కడి నుంచి సంవత్సరం మనం తీసుకోవచ్చు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, రజాకార్ల కథతో సహా. పుస్తకం దొరికితే అందులో ఆయుధం వివరం ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపండి. ఆ చేతిరాతలు చదవడం నాకు ఇంకా మరుపు రాలేదు.